చర్చి బృందంతో హేన్‌విల్ పాదయాత్రకు వెళ్ళడం గురించి

అట్లాంటాలోని మీ చర్చి బృందం ఆగస్టులో అలబామాలోని హేన్‌విల్ పాదయాత్రకు వెళుతున్నదనీ, నల్లజాతివారి పోరాటంలో తెలుగువారమైన మనం చేరడం సబబేనా అనీ మీరు అడిగారు. రెండేళ్ల క్రితం నేను ఇలాంటి బృందంతోనే వెళ్ళివచ్చాను. తప్పక వెళ్ళండి, అయితే అక్కడివారి వెనుక నడవడానికి మనసును సిద్ధపరచుకొని వెళ్ళండి.

1965 ఆరంభంలో హేన్‌విల్ ఉన్న లౌండ్స్ కౌంటీలో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు నల్లజాతివారే అయినా, ఓటర్ల జాబితాలో వారి పేరు ఒక్కటీ లేదు. ఓటు నమోదుకు ముందుకు వచ్చిన కౌలు రైతులను భూస్వాములు ఇళ్ళు ఖాళీ చేయించగా, వారు గుడారాలలో తలదాచుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు 14న ఫోర్ట్ డిపాజిట్‌లో తెల్లవారి దుకాణాల వద్ద జరిగిన నిరసనలో అరెస్టయిన జోనథన్ డేనియల్స్ అనే 26 ఏళ్ల శ్వేతజాతి దైవశాస్త్ర విద్యార్థి, ఆరు రోజులు హేన్‌విల్ జైలులో ఉండి 20న విడుదలయ్యాడు. దాహం తీర్చుకోవడానికి మరి ముగ్గురితో కలిసి దగ్గరి కొట్టుకు వెళ్ళినప్పుడు, టామ్ కోల్‌మన్ అనే తెల్లజాతీయుడు 17 ఏళ్ల రూబీ సేల్స్‌పై తుపాకి ఎక్కుపెట్టగా, ఆమెను పక్కకు నెట్టి ఆ తూటాకు తాను బలయ్యాడు. అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ కోల్‌మన్‌ను నిర్దోషిగా వదిలివేసింది.

డేనియల్స్ స్మృతిలో జరిగే ఈ యాత్ర ఆ జైలు మీదుగా, ఆ కొట్టు ఉండిన చోటు మీదుగా సాగి, చివరకు ఆ తీర్పు వెలువడిన కోర్టు గదికే చేరుతుంది. అక్కడ న్యాయమూర్తి బల్ల ఆ పూటకు ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే బల్ల, అవుతుంది. నేను పుట్టింది తెనాలి దగ్గర ఒక దళిత క్రైస్తవ కుటుంబంలో. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు మా పెద్దలు రాత్రంతా మేలుకొని కూర్చోవడం నాకు గుర్తుంది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో పై కోర్టు కొట్టివేసిన నాడు మా అమ్మ అన్నం ముట్టలేదు. హేన్‌విల్ కోర్టు గదిలో రొట్టె అందుకొంటున్నప్పుడు నా చేయి వణికింది. జాతి వేరు, కులం వేరు అని తెలిసినా, ఆ గదిలో నేను పరాయివాడిననిపించలేదు.

సబబేనా అనే మీ సందేహానికి మరొక జవాబు కూడా ఉంది. జాతీయతను బట్టి కోటాలు పెట్టిన పాత వలస చట్టాన్ని అమెరికా మార్చినది 1965 అక్టోబరులో, అంటే ఆ పౌరహక్కుల ఉద్యమపు వేడిలోనే. మనవారు ఇంతమంది ఇక్కడికి రాగలగడం వెనుక ఆ ఉద్యమకారుల త్యాగం కూడా ఉంది.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. జైలు ఎదుట ప్రార్థిస్తున్న ఒక వృద్ధురాలిని ఫోనులో చిత్రీకరించబోయాను. ఆవిడ కళ్ళు తెరిచి, “నాయనా, ముందు నాతో నిలబడు” అన్నారు. ఫోను జేబులో పెట్టాను, మళ్ళీ తీయలేదు. ఎండ తీవ్రంగా ఉంటుంది కనుక టోపీ, నీళ్ళు తప్పనిసరి. పెద్దవారికి గొడుగు పట్టడం కూడా సేవే.

బయలుదేరే ముందే మీ పాస్టరు గారిని, అక్కడి సంఘాలకు మిగతా ఏడాదంతా ఏ పనికి మనుషులు కావాలో కనుక్కోమనండి. మా బృందం ఆ మాట తిరిగివచ్చాక గాని అడగలేదు. ఇప్పుడు మాలో ఆరుగురం ఓటర్ల నమోదులో సాయపడటానికి వీలైన శనివారాలు అక్కడికి వెళుతున్నాము.