మోకాలు ఒప్పుకున్నాకే తేదీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మోకాలి శస్త్రచికిత్స అయిన కడప రెజ్లింగ్ కుర్రాడు మళ్లీ బరిలోకి దిగుతున్నాడని, అతని ప్రచార వీడియోలు తీసే పని నువ్వు ఒప్పుకున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. పొద్దున్నుంచి ప్రొద్దుటూరు బజారులో ఎదురైన ప్రతివారికీ చెప్పుకున్నాను. చెబుతున్నంతసేపూ లోపల ఒక బెంగ మాత్రం పీకుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

చిన్న విషయాలు ముందు. వీడియో అర నిమిషం దాటనివ్వకు. అక్షరాలు ఫోనులో నావంటివాడు కూడా చదవగలిగేంత పెద్దవిగా పెట్టు. గండికోట లోయ అంచున అతణ్ణి నిలబెట్టి డ్రోను ఎగరేయకు. పెళ్లి వీడియోలవాళ్లందరూ అదే తీస్తున్నారు, పైగా అక్కడ కాలు జారితే ఇక దిక్కు లేదు.

జనాన్ని ఊరించే విద్య అమెరికాలోని WWE రెజ్లింగ్ కంపెనీవాళ్లకు బాగా తెలుసు. 2007లో క్రిస్ జెరికో అనే రెజ్లర్ తిరిగి వచ్చేముందు దాదాపు రెండు నెలలపాటు నల్లటి తెర మీద ఆకుపచ్చ అంకెలు పరుగెత్తే చిన్న చిన్న ముక్కలు వేశారు. పేరు లేదు, ముఖం లేదు, ‘మమ్మల్ని రక్షించు’ అన్న మాట తప్ప. జనం ఆ అంకెల్లో ఆధారాలు వెతుక్కుంటూ వాదించుకున్నారు. నవంబరు 19న మరో రెజ్లర్ ర్యాండీ ఆర్టన్ మాటలకు అడ్డుపడుతూ జెరికో వచ్చేసరికి చాలామంది ముందే ఊహించి ఉన్నారు. అయినా హోరు తగ్గలేదు. తన ఊహ నిజమైతే ప్రేక్షకుడు తానే గెలిచినట్టు సంబరపడతాడు.

అలాగని మరీ గుట్టుగానూ ఉంచకు. 2011లో వాన, పాడుబడ్డ గుడిసె, చివర ఫిబ్రవరి 21 అన్న తేదీ చూపించారు. స్టింగ్ అనే రెజ్లర్ వస్తున్నాడని ఎంతోమంది నమ్మారు. వచ్చింది అండర్‌టేకర్ అనే మరో రెజ్లర్. అంతటివాడు కాబట్టి సభ నిలబడింది. మన కుర్రాడికి అంత పేరు ఇంకా రాలేదు. అతనిదే అని పోల్చుకోగలిగే గుర్తు ఒకటి ప్రతి ముక్కలోనూ ఉండాలి.

ఆ గుర్తు ఏదో నేను చెప్పనా? మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు అతను మేడమెట్లు దిగుతుంటే చూశాను. ఎడమచెయ్యి గోడకు ఆనించి, ముందు కుడికాలు దించి, అదే మెట్టు మీదికి ఎడమకాలు చేర్చి, ఒక్క క్షణం ఆగి మళ్లీ కుడికాలు. నన్ను చూడగానే చెయ్యి గోడ మీదినుంచి తీసేశాడు. ఆ కాళ్లనే తియ్యి తల్లీ, ముఖం వద్దు. వారానికొకసారి అవే మెట్లు. జంట అడుగులు ఒంటి అడుగులుగా మారే రోజు వస్తే జనానికి నువ్వు వేరే మాట చెప్పనక్కర్లేదు. 2001 మే నెలలో ట్రిపుల్ హెచ్ అనే రెజ్లర్‌కు తొడ కండరం తెగింది. 2002 జనవరి 7న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ స్టేడియంలో అడుగుపెట్టేముందు అతను కాలిని తిరిగి నిలబెట్టుకున్న కష్టాన్నే వీడియోగా చూపించారు. ఆ రాత్రి జనం లేచి నిలబడిపోయారు.

ఇప్పుడు నా బెంగ. మీ వీడియోలో షో తేదీ అప్పుడే పెట్టేస్తారట. ఎవరు చెప్పారమ్మా పెట్టమని?

1885లో సురభి నాటకాలు పుట్టిన జిల్లా మనది. నా చిన్నతనంలో ఇక్కడ పద్యనాటకమంటే ఊళ్లకు ఊళ్లు కదిలేవి. కృష్ణుడి వేషానికి పేరుపడ్డ నటుడొకాయన గొంతు జబ్బుతో రంగస్థలానికి దూరమయ్యాడు. కొన్ని నెలలకు ఒక కాంట్రాక్టరు జాతరలో ఆయన నాటకం పెట్టించాడు. జీపుకు మైకు కట్టి మైదుకూరు నుంచి జమ్మలమడుగు దాకా చాటింపు వేయించాడు. ఆ జీపు వెనక కూర్చుని కరపత్రాలు పంచిన పిల్లల్లో నేనూ ఉన్నాను. డాక్టరు ఇంకా పాడొద్దన్నాడని ఆయన బతిమాలాడు. ‘జీపు ఊళ్లన్నీ తిరిగేసింది, ఇప్పుడు వెనక్కి ఎలా పోతాం’ అన్నాడు కాంట్రాక్టరు. ఆ రాత్రి మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. తెర లేవగానే ఈలలు, చప్పట్లు. మొదటి పద్యం గట్టెక్కింది. ‘వన్స్‌మోర్’ అని అరిచారు. ప్రేమ కొద్దీ అరిచినవాళ్లే అందరూ. ఆయన కాదనలేక మళ్లీ ఎత్తుకున్నాడు. రాగం పైస్థాయికి పోతుండగా గొంతు చీలిపోయింది. హార్మోనిస్టు శ్రుతి దించాడు, అయినా అందలేదు. పిల్లనగ్రోవి పట్టుకున్న చెయ్యి గొంతు మీదికి పోయింది. జనానికి దండం పెట్టి తెర వెనక్కి వెళ్లాడు. మళ్లీ ఆ వేషం కట్టలేదు. తర్వాత అదే బృందంలో హార్మోనియం పెట్టె మోస్తూ కనిపించేవాడు. ఇంకో రెండు నెలలు ఆగితే ఆ గొంతు దక్కేదని డాక్టరు అన్నాడట.

మోకాలి లిగమెంటు శస్త్రచికిత్స తర్వాత ఆటగాళ్లను కనీసం తొమ్మిది నెలలైనా ఆగమంటారు. రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే రాసుకుంటారని నాకూ తెలుసు. ఒళ్లు బల్లకు కొట్టుకునే దెబ్బ మాత్రం రాసుకున్నది కాదు. తేదీ ఒకసారి బయటికి పోయాక ఆ కుర్రాడు నొప్పి ఉందని నోరు తెరిచి చెప్పడు. గోడ మీది చెయ్యి తీసేసినవాడు అసలే చెప్పడు.

కాబట్టి డాక్టరు కాగితం నీ చేతికి వచ్చేదాకా ‘త్వరలో’ అన్న మాట కూడా వద్దు. కంపెనీవాళ్లు తొందరపెడితే రెజ్లర్ జాన్ సీనా సంగతి చెప్పు. 2007 అక్టోబరులో ఛాతీ కండరం తెగింది, నెలల తరబడి రాడన్నారు. 2008 జనవరి 27న ముప్పైమంది ఒకరి తర్వాత ఒకరు దిగే రాయల్ రంబుల్ పోటీలో ముప్పయ్యోవాడిగా వచ్చాడు. ముందుగా ఒక్క ప్రకటన లేదు, అయినా మాడిసన్ స్క్వేర్ గార్డెన్ దద్దరిల్లింది. వాళ్లు అప్పటికీ వినకపోతే పని వదిలెయ్యి. డబ్బు సంగతి మనం చూసుకుందాం.

అంత గట్టిగా రాశానని బాధపడకు. నీ చేతిలో పని ఉంది, కన్ను ఉంది. అతని మెట్ల వీడియో మొదటిది తీయగానే నాకు పంపు. డాక్టరు సరేనన్న రోజున ఫోను చెయ్యి. ఊళ్లలో మైకు చాటింపుకు గొంతు కావాలంటే నేనున్నాను, నా గొంతు ఇంకా బాగానే పలుకుతోంది.

ఇట్లు,
మీ మామయ్య