అత్తగారికి అల్జీమర్స్ అన్నారు: సిల్వర్ గిన్నెలు తీసేయాలా, లోహాలు లాగేసే డ్రిప్ పెట్టించాలా?

డ్రిప్ మాత్రం పెట్టించకండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది రాస్తాను.

మెదడులో లోహాలు పేరుకోవడమే అల్జీమర్స్‌కి కారణమని ఒక ఆస్ట్రేలియా సైంటిస్ట్ నిరూపించాడని మీ ఆడపడుచు వీడియో పంపారని రాశారు. ఆరేళ్ల కిందట మా అమ్మ విషయంలో నాకూ అదే చెప్పారు. నమ్మాను. ఆ వారంలోనే వంటింట్లోని సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలన్నీ పాత సామాన్లు కొనే అతనికి వేసేశాను. తర్వాత అమ్మని ఒక సెంటర్‌కి తీసుకెళ్లి నాలుగు సిట్టింగులు డ్రిప్ ఎక్కించాను. ఒక్కో సిట్టింగ్‌కీ మూడు గంటలు. మూడోసారి నుంచి రాత్రిళ్లు అమ్మకి పిక్కలు పట్టేసేవి. నొప్పి అని చెప్పడం కూడా రాక కాలు పట్టుకుని ఏడ్చేది. నాలుగోదాని తర్వాత, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 0.9 నుంచి 1.6కి పెరిగింది. మా ఫిజీషియన్ రిపోర్ట్ చూసి ఆపేయమన్నారు. ఆ డ్రిప్‌లో మందు సీసం, రాగి అని ఏరుకుని లాగదు. ఒంటికి కావాల్సిన కాల్షియం, జింక్‌లను కూడా పట్టుకుపోతుంది. రాగి నిజంగానే పేరుకుపోయే విల్సన్ జబ్బుంది, దానికి వేరే మందులున్నాయి. మీ అత్తగారిది ఆ జబ్బు కాదు.

ఆ దెబ్బతో అసలు ఆ సైంటిస్ట్ ఏం చెప్పాడో చదవడం మొదలుపెట్టాను. ఆయన పేరు ఆష్లే బుష్, మెల్‌బోర్న్‌లో ఫ్లోరీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే సైకియాట్రిస్ట్. 1994లో అమెరికా సైంటిస్ట్ రుడాల్ఫ్ టాంజీతో కలిసి రాసిన పేపర్‌తో ఈ కథ ఊపందుకుంది. అల్జీమర్స్ వచ్చినవాళ్ల మెదడులో ఫలకాలుగా పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌కి జింక్ తగిలితే, పాలల్లో నిమ్మరసం పిండినట్టు నిమిషాల్లో గడ్డ కడుతుందని అందులో చూపించారు. జింక్ మెదడుకి విషమేమీ కాదు. నరకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునేటప్పుడు మధ్య సందులోకి కొంచెం జింక్ వదులుతాయి, మళ్లీ లోపలికి తీసుకుంటాయి. అది అక్కడే అమిలాయిడ్‌కి చిక్కుకుపోతే ఫలకాల దగ్గర లోహం పోగుపడుతుంది, కణం లోపల మాత్రం కరువవుతుంది. ఆయన వాదనలో నాకు ముఖ్యంగా అనిపించింది ఇదే: లోహం తప్పిన చోట ఇరుక్కుంది, దాన్ని మళ్లీ చోటికి చేర్చాలి. ఒంట్లోంచి కడిగి పారేయాలని ఆయన అనలేదు.

అందుకే, లోహాన్ని పట్టుకుని చోటు మార్చగల క్లియోక్వినాల్ అనే, ఒకప్పుడు జిగట విరేచనాలకు వాడిన మందు మీద ఆయన బృందం పనిచేసింది. 2001లో ఎలుకలకు తొమ్మిది వారాలిస్తే మెదడులో అమిలాయిడ్ దాదాపు సగానికి తగ్గింది. 2003లో 36 మంది పేషెంట్ల మీద చిన్న ట్రయల్‌లో, జబ్బు ముదిరినవాళ్లలో కాస్త మేలు కనిపించింది. దాని తర్వాతి మందు పీబీటీ2. 2014లో దాని ఫలితాలొస్తే అమిలాయిడ్ చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

మీ ఆడపడుచుకి తప్పకుండా చెప్పాల్సింది 2024 ఫలితం. తలసీమియా పిల్లల ఒంట్లో పేరుకునే ఐరన్ తీయడానికి ఇచ్చే డెఫరిప్రోన్‌ని బుష్ ఉన్న బృందమే అల్జీమర్స్ తొలి దశలో ఉన్నవాళ్లకి ఏడాది పాటు ఇచ్చింది. జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లో ఐరన్ తగ్గినట్టు స్కాన్‌లో కనబడింది. కానీ ఆలోచనాశక్తి మందు తీసుకోనివాళ్ల కంటే త్వరగా దిగజారింది. తమ ఆశకి ఎదురొచ్చిన ఫలితాన్ని దాచకుండా అచ్చు వేశారు, అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. అంత జాగ్రత్తగా, డోసు లెక్కపెట్టి తీస్తేనే అలా అయిందే, మా అమ్మకి నేను చేయించిందేమిటని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక గిన్నెలు. అల్యూమినియం భయం 1965లో కుందేళ్ల మెదడులోకి ఎక్కించి చూసిన ప్రయోగాలతో మొదలైంది. వాటి నరకణాల్లో వచ్చిన ప్రొటీన్ చిక్కుముళ్లు అల్జీమర్స్‌లో వచ్చేవాటిలాంటివి కావని తర్వాత తేలింది. డయాలసిస్ నీళ్లలోని అల్యూమినియంతో 1970ల్లో కొందరికి మతి చెడిన మాట నిజమే, కానీ అది నేరుగా రక్తంలోకి పోయింది. తిండితో లోపలికెళ్లే దాంట్లో నూటికి ఒక వంతు కూడా రక్తానికి చేరదు, చేరింది కిడ్నీల్లోంచి పోతుంది. పులుపు తగిలితే సిల్వర్ కొంచెం కరుగుతుంది కాబట్టి చింతపండు పులుసూ చారూ స్టీల్‌లో పెట్టుకోండి. అంతకు మించి టెన్షన్ అక్కర్లేదు. బీ12 లోపం, థైరాయిడ్ తేడా వల్ల కూడా మతిమరుపు రావచ్చు కాబట్టి, ఆ టెస్టులు ఇంకా చేయించకపోతే డ్రిప్‌కి పెట్టే డబ్బు వాటికి పెట్టండి.

మీ అత్తగారి సామాను మాత్రం కదిలించకండి. మా అమ్మ సాయంత్రమయ్యేసరికి అటక కింద, బియ్యం డబ్బా వెనక నేను అమ్మేసిన గిన్నె కోసం వెతికేది. "ఒరేయ్, పులుసు గిన్నె ఏదిరా?" అని రోజుకి పదిసార్లు అడిగేది. తట్టుకోలేక తెనాలి బజార్లో అచ్చం అలాంటిదే కొనుక్కొచ్చి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, అంచు చుట్టూ బొటనవేలితో తడిమింది. పెళ్లప్పుడు వాళ్ల నాన్న కొట్టించిన తన పేరు కోసం. దొరక్క, "ఇది మనది కాదమ్మా, ఎవరిదో ఇచ్చేసిరా" అని నా చేతిలోనే పెట్టేసింది.