నాగుల చవితి దాకా ఆగు, అమ్మడూ

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన విత్తుల పాకెట్ల ఫొటోలు చూశాను. ఆఫ్రికా ఎవర్‌లాస్టింగ్ పూలు పెంచుతానంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కోసి ఏడాదైనా రంగు పోని పువ్వు ఇంట్లో ఉంటే ఆ కళే వేరు. పాకెట్ వచ్చిన రోజే చించి చల్లెయ్యాలని ఉంటుంది, కాదనను. కానీ ఇది శ్రావణ మాసం. ఇప్పుడు వేస్తే మొలక వస్తుంది గాని మొక్క నిలవదు. నాగుల చవితి వెళ్ళేదాకా ఆ పాకెట్లు విప్పకు. ఒక డబ్బాలో వేసి, బిగుతుగా మూతపెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచు.

మన విజయనగరం ఎండకి ఇవి తట్టుకుంటాయా అని అడిగావు. ఎండ గురించి అంత టెన్షన్ వద్దు, రోజుకి ఆరు గంటలు నేరుగా ఎండ తగలకపోతే అసలు పూతే సరిగా రాదు. మన దగ్గర వీటిని చంపేది తేమ. ఆఫ్రికా పువ్వు సొంతచోటు దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ చుట్టుపక్కల కొండలు, అక్కడ వానలు మే నుంచి ఆగస్టు దాకా పడతాయి. అది వాళ్ళకి చలికాలం. వేసవి వచ్చేసరికి గాలి పొడిగా ఉంటుంది, నేల ఎండిపోతుంది. అంటే అక్కడి మొక్క చల్లగా ఉన్నప్పుడే తడవడం ఎరుగును, వేడిగా ఉన్నప్పుడు పొడిగా ఉండడం ఎరుగును. మనకి రెండూ కలిసే వస్తాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఉక్క, వాన ఒకదాని వెంట ఒకటి. వేడినేలలో నీళ్ళు నిలిస్తే వేరు రెండు రోజుల్లో నల్లబడిపోతుంది. పైన ఆకు వాడింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం. దాంతో సరి.

అందుకని మనకి దొరికేది నవంబరు నుంచి మార్చి దాకానే. రాత్రిళ్ళు చల్లగా, పగలు ఎండ పొడిగా, మంచు తప్ప పెద్దగా వాన లేకుండా ఉండే ఆ నాలుగైదు నెలల్లో దీని పని అంతా అయిపోవాలి. అక్టోబరుని మాత్రం నమ్మొద్దు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న. తిత్లీకి మా ఉద్దానంలో కొబ్బరిచెట్లూ జీడితోటలే పడిపోయాయి, జానెడు నారు ఏపాటిది? మీ ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయ్యాక మట్టి కలుపుకోవడం మొదలుపెట్టు. నాగుల చవితి వెళ్ళాక విత్తు.

ఇక నీ పాకెట్ల సంగతి. రెండూ ఒకటే అనుకున్నావు గాని, కాదు. "హెలిక్రిసం, మిక్స్‌డ్" అని ఉన్న పాకెట్‌లో కింద చిన్న అక్షరాల్లో బ్రాక్టియేటం అని ఉంది చూడు. అది ఆస్ట్రేలియా పువ్వు. ఒకప్పుడు దాన్ని హెలిక్రిసం జాతిలోనే లెక్కవేసేవారు, తర్వాత జీరోక్రైసమ్ అని వేరు చేశారు. విత్తులు అమ్మేవాళ్ళు మాత్రం పాత పేరే వాడుతున్నారు. పసుపు, ఎరుపు, గులాబీ, తెలుపు అన్నీ వస్తాయి. ఒక్క సీజన్లోనే పూసేస్తుంది. మొదటి ఏడాది నీకు చెయ్యి తిరగాలంటే అదే మంచిది. రెండో పాకెట్, తెల్లపూల బొమ్మ ఉన్నది, అసలైన ఆఫ్రికాది, సిన్‌కార్ఫా వెస్టిటా. కేప్ కొండల మీద కార్చిచ్చు వెళ్ళిన తర్వాత బూడిదలోంచి లేచి గుట్టలన్నీ తెల్లగా చేసేది ఇదే. దాన్ని మన దగ్గర నిలబెట్టడం కష్టం. వద్దనను, కానీ పాకెట్ మొత్తం ఒకేసారి వెయ్యకు. సగం దాచు.

రెండూ చామంతి కుటుంబమే. మనం రేకులు అనుకునేవి నిజానికి రేకులు కావు, పూల గుత్తి చుట్టూ ఉండే పుచ్ఛాలు, అంటే ఆకులాంటి పొరలు. వాటిలో నీరు దాదాపు ఉండదు, మొక్క మీద ఉండగానే ఎండి కాగితంలా గలగలలాడతాయి. అసలు పూలు మధ్యలో ఉన్న ఆ బొడ్డులో ఉంటాయి. ఇది గుర్తుంటే కోత ఎప్పుడో నీకే అర్థమవుతుంది.

మట్టి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం పని అక్కడే ఉంది. మా సోంపేట వైపు ఇసుక నేల, నీరు పోసిన క్షణంలో కిందికి దిగిపోతుంది. మీది ఎర్రమట్టి, తడిస్తే జిగురు, ఎండితే గట్టి. అదొక్కటే కుండీలో వేస్తే మొక్క ఊపిరాడక పోతుంది. ఒక వంతు ఎర్రమట్టికి రెండు వంతులు నాగావళి ఇసుక, అర వంతు బాగా మాగిన గెత్తం, అదే పశువుల ఎరువు, కలుపు. ఇసుక అంటే ఏటి ఇసుక. సముద్రపు ఇసుక తెచ్చావంటే ఆ ఉప్పుకి వేరు మాడిపోతుంది. గెత్తం ఎక్కువ వేస్తే పూలు ఎక్కువ వస్తాయని ఎవరైనా చెప్తారు, వినకు. ఈ మొక్కలు బీద నేలల్లో పుట్టినవి. తిండి ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి, కాడ మెత్తబడి, పువ్వు బరువుకి వాలిపోతుంది. యూరియా, డీఏపీ జోలికి అసలు పోవద్దు. కుండీ మట్టిదే తీసుకో, అడుగు చిల్లు మీద పెంకుముక్క వేసి, కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టు.

విత్తు సన్నం. ట్రేలో మట్టి తడిపి, పైన జల్లించిన ఇసుక పలచగా పరిచి, విత్తులు చల్లి అరచేత్తో అద్దితే చాలు. పైన మట్టి కప్పకు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. ట్రే పెట్టిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టు, లేకపోతే తెల్లారేసరికి చీమలు విత్తులన్నీ మోసుకుపోతాయి. నీళ్ళు పైనుంచి చిలకరించకుండా ట్రేని పళ్ళెంలో ఉంచి కిందనుంచి పీల్చుకోనివ్వు. నారుకుళ్ళు తెగులు రాకుండా ఇదే పెద్ద మందు. ఆస్ట్రేలియాది వారం పది రోజుల్లో మొలుస్తుంది.

కేప్ విత్తు అలా మొలవదు. దానికి పొగ కావాలి. 1990లో డి లాంగే, బౌచర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దక్షిణాఫ్రికాలో ఒక కేప్ మొక్క మీద ఈ సంగతి రుజువు చేశారు. మంట వేడి కాదు, పొగ సోకితేనే విత్తు నిద్ర లేస్తుందని. ఆ పొగలో పనిచేసే పదార్థాల్లో ఒకదాన్ని 2004లో పట్టుకున్నారు. ఆ రకం పదార్థాల్ని కారికిన్‌లు అంటారు. ఏ గడ్డి, ఏ ఆకు కాలినా అది పుడుతుంది కాబట్టి మన వరిగడ్డి చాలు. అరటిగెల మగ్గబెట్టినట్టే అనుకో. ఒక పెద్ద రేకు డ్రమ్ములో ఒక పక్క మూకుడులో నిప్పులు వేసి, కొంచెం తడిపిన వరిగడ్డి పైన వెయ్యి. మంట రాకూడదు, పొగే రావాలి. విత్తిన ట్రేని రెండో పక్క ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, డ్రమ్ము మీద తడిగోనె కప్పి గంటసేపు వదిలెయ్యి. మధ్యలో ట్రే అడుగు ముట్టుకుని చూడు, గోరువెచ్చగా కూడా కాకూడదు. తర్వాత ఈ ఒక్కసారికి పైనుంచి పలచగా నీళ్ళు చిలకరిస్తే మట్టి మీద పట్టిన పొగసారం విత్తుకి దిగుతుంది. ఈ పని మేడ మీద, పక్కింటివాళ్ళ బట్టలు ఆరేసి లేనప్పుడు చెయ్యి. జీడిపిక్కల తొక్కలు మాత్రం కాల్చకు, ఆ పొగ ఒంటికి మంచిది కాదు. నెల దాటినా మొలక కనబడకపోతే పారెయ్యకు, ఇంకొన్నాళ్ళు చూడు.

నారు నాలుగు ఆకులు వేశాక విడివిడిగా నాటు. జానెడు ఎత్తు వచ్చాక కొన తుంచు, పక్క కొమ్మలు వస్తాయి. తుంచడానికి మనసొప్పదు, అయినా తుంచు. మొక్కకీ మొక్కకీ జానెడున్నర దూరం ఉండాలి, గాలి ఆడకపోతే బూడిద తెగులు పడుతుంది. నీళ్ళు రోజూ పోసేది కాదు. వేలు రెండు కణుపులు లోపలికి గుచ్చి, పొడిగా ఉంటేనే పొయ్యి, అదీ పొద్దున్నే, ఆకు తడవకుండా మొక్క మొదట్లోనే. సిన్‌కార్ఫా ఆకు మీద వెండిరంగు నూగు ఉంటుంది. ఆ నూగులో నీటిచుక్క ఇరుక్కుంటే మచ్చపడి కుళ్ళు మొదలవుతుంది. మొగ్గల మెడ దగ్గర పేనుబంక చేరితే వేళ్ళతో నలిపి తుడిచెయ్యి. మందు కొట్టాల్సినంత రాదు.

ఇప్పుడు కోత. ఫిబ్రవరిలో ఒక పొద్దున్న మంచు ఉండగానే వెళ్ళి చూడు, పూలన్నీ ముడుచుకుని మొగ్గల్లా ఉంటాయి. అదే మొక్క దగ్గరికి పది గంటలకి వెళ్ళు, అన్నీ విచ్చుకుని ఉంటాయి. ఆ కాగితం రేకు తేమ పీల్చితే లోపలికి వంగుతుంది, ఆరితే బయటికి తిరుగుతుంది. ఎండిన పువ్వుని నీళ్ళలో వేసినా కాసేపటికి ముడుచుకుంటుంది. ఆరబెట్టు, మళ్ళీ విప్పారుతుంది. పిల్లలకి చూపించు, వదలరు. నువ్వు కొయ్యాల్సింది మంచు ఆరిన తర్వాత, బయటి రెండు మూడు వరసలు మాత్రమే విచ్చి మధ్య ఇంకా గట్టిగా మూసి ఉన్న పువ్వుని. బాగుంది కదా అని పూర్తిగా విచ్చేదాకా ఉంచావంటే, కోసిన తర్వాత కూడా అది విచ్చుకుంటూనే పోతుంది. రేకులు వెనక్కి తిరిగిపోయి, బొడ్డులోంచి నూగు ఎగిరి, పది రోజుల్లో పనికిరాకుండా పోతుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు.

కాడ ఎండితే పెళుసు, తల బరువు. అందుకని కోసిన వెంటనే, పచ్చిగా ఉన్నప్పుడే, కాడ తీసేసి పువ్వు అడుగున కొబ్బరి ఈనెపుల్ల సన్నటి కొన గుచ్చు. అవతలికి పొడుచుకు రాకూడదు, సగం దాకా దిగాలి. ఆరే కొద్దీ బొడ్డు కుంచించుకుని పుల్లని పట్టేస్తుంది, జిగురు అక్కర్లేదు. బజారులో ఇనపతీగ అమ్ముతారు గాని మన గాలికి తుప్పు పడుతుంది. ఈనెపుల్లలు మా తోటలో కావలసినన్ని ఉన్నాయి, సంక్రాంతికి వచ్చినప్పుడు కట్ట కట్టి ఇస్తాను.

పదేసి పూలు కట్టి, తల్లకిందులుగా, వెలుతురు పడని గదిలో గాలి ఆడేచోట వేలాడదియ్యి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. వంటింట్లో ఆవిరి, అక్కడ వద్దు. రెండు వారాలు చాలు. వాటిని మే నెలాఖరుకల్లా డబ్బాలో పెట్టెయ్యి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు లోపల వేసి మూత బిగించు. జూన్ గాలికి బయట ఉంచితే ముడుచుకుని, బూజు పట్టి పోతాయి. వానలు వెళ్ళాక తీసి పూలకూజాలో పెట్టుకో.

దేవుడికి మాత్రం ఇవి వద్దు, నా మాట విను. దేవుడికి తాజా పువ్వే. కావాలంటే కుండీల పక్కనే నాలుగు బొగడబంతి మొక్కలు వేసుకో. అదీ ఎండినా రంగు పోదు, పైగా మన ఉక్కని లెక్కచెయ్యదు, దండలోకి బాగా ఒదుగుతుంది. అక్కడి జులూ, ఖోసా వాళ్ళు హెలిక్రిసంలోనే కొన్ని రకాల్ని ఎండబెట్టి, పెద్దల్ని తలుచుకుంటూ ధూపం వేస్తారు. దాన్ని ఇంఫెఫో అంటారు. పెద్దల దినాల్లో మనం సాంబ్రాణి వేస్తామే, వాళ్ళకి అది. కానీ నీ పాకెట్‌లోవి ఆ రకాలు కావు, కాల్చి చూడకు.

ఓడల్లో పనిచేసే మన వైపు పిల్లలెవరైనా కేప్‌టౌన్ వెళ్తే విత్తులు తెమ్మంటానన్నావు. ఆ పని చెయ్యకు. బయటి దేశం విత్తు మన దేశంలోకి రావాలంటే మొక్కల క్వారంటైన్ అనుమతి ఉండాలి. అది లేకుండా తెస్తే ఆ అబ్బాయికి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది, పైగా ఏ తెగులు వెంట వస్తుందో.

ఏప్రిల్ వచ్చేసరికి ఆస్ట్రేలియా మొక్కల పని అయిపోతుంది. జాలిపడి నీళ్ళు పోస్తూ కూర్చోకు, పీకేసి ఆ మట్టిని ఎండలో ఆరబెట్టు. కేప్ మొక్కలు ఒకటి రెండు బతికితే మాత్రం అవి మొదటి ఏడాది పూస్తాయని ఎదురుచూడకు. ఒక వానాకాలం దాటాలి. దానికి పైన వాన పడకుండా, పక్కనుంచి గాలీ వెలుతురూ వచ్చే చోటు కావాలి. మీ ఇంట్లో అలాంటిది వీధివైపు రేకుల పంచ ఒక్కటే, అక్కడ అల్లుడుగారు బండి పెడతారు. మే నెలలోనే ఆయనతో మాట్లాడి, తూర్పు మూల రెండు కుండీలకి చోటు ఉంచమను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
సోంపేట