పిల్లల సీజన్ బట్టలు, పండగ బట్టలు కొనే పిచ్చి మానుకోవాలా?

పిల్లల స్వెటర్లు, పండగ గౌన్లు కనిపిస్తే చేతులు ఆగవని, ఇప్పుడు సేల్‌లో ఒక ఎర్ర జాకెట్ నచ్చిందని, ఇంట్లో వాళ్లు దండగ ఖర్చు అంటున్నారని, ఇది మామూలేనా, మానుకోవాలా అని మీరు అడిగారు. మామూలే అండీ. మానుకోనక్కర్లేదు కూడా. మా ఇంట్లో పాప పెద్దది, బాబు చిన్నవాడు, ఇద్దరి మధ్య నాలుగేళ్లు తేడా. సీజన్ మారుతోందంటే చాలు, వేరే పని మీద బయటికెళ్లినా సరే నా కాళ్లు పిల్లల బట్టల వైపే పోతాయి. దీని గురించి నాకు బాధా లేదు, మానేసే ఉద్దేశమూ లేదు.

కాకపోతే ఒక విషయం తేల్చుకుంటే ఇంట్లో సగం గొడవ పోతుంది. ఈ కొనడంలో పిల్లల అవసరం కొంచెమే, మిగతాదంతా మన సరదా. చలికాలానికి స్వెటర్ కావాలి, అది అవసరం. దానితో పాటు కుందేలు చెవుల టోపీ కావాలి అన్నది మాత్రం మన సరదా, ఎందుకంటే ఆర్నెల్ల పాపకి తన తల మీద ఉన్నవి కుందేలు చెవులో ఎలుగుబంటి చెవులో తెలియదు, తెలిసినా పట్టదు. "పిల్లల కోసమే కదా" అని చెప్పుకున్నంత కాలం ఈ ఖర్చుకి హద్దు ఉండదు. పిల్లల కోసం అన్నాక ఎంత కొన్నా తక్కువే అనిపిస్తుంది, ఎవరైనా వద్దంటే పిల్లల మీద ప్రేమ లేదా అని కోపం కూడా వస్తుంది. అదే "ఇది నా సరదా" అనుకుంటే దానికి ఒక లెక్క పెట్టుకోవచ్చు. మా ఆయనకి కెమెరా లెన్సుల పిచ్చి, ఇంటి ఖర్చుల్లో దానికో పద్దు ఉంది, పిల్లల బట్టలకి ఇంకో పద్దు ఉంది, ఎవరి పద్దు జోలికి ఇంకొకరు వెళ్లం. లెన్సు ఏడాది తిరిగేసరికి పొట్టి అయిపోదు కదా అని ఆయన అప్పుడప్పుడూ అంటారు, అననివ్వండి.

నిజానికి అలా పొట్టి అయిపోవడంలోనే ఉంది ఈ సరదా అంతా. మన చీరో చుడీదారో అయితే ఐదేళ్ల తర్వాత కూడా అదే కొలత (సరే, దాదాపు). పిల్లలకి అలా కాదు, పోయినేడాది జాకెట్ తీసి భుజాలకి ఆనించి చూస్తే చేతులు మణికట్టుకి బెత్తెడు పైనే ఆగిపోతాయి, అంటే ప్రతి సీజన్‌కీ మనం కొత్త మనిషికి బట్టలు కొంటున్నట్టే. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు ఉండే బిడ్డ మొదటి పుట్టినరోజుకల్లా 75 దాకా వస్తుంది, రెండో ఏడాదిలో ఇంకో 10, 12 పెరుగుతుంది, మూడేళ్లు దాటాక వేగం తగ్గి, యుక్తవయసు వచ్చేదాకా ఏడాదికి 5 నుంచి 7 సెంటీమీటర్ల చొప్పున నిదానంగా సాగుతుంది. ఈ మూడు ముక్కలు తెలిస్తే చాలు, కొనడంలో వృథా చాలా తగ్గుతుంది.

ఎలాగంటే, ఏడాదిలోపు బిడ్డకి వచ్చే చలికాలం బట్టలు ఇప్పుడే కొని పెట్టడం పూర్తిగా లాటరీ. సైజు సరిపోయే రోజుకి చలి ఉండదు, చలి వచ్చే రోజుకి సైజు ఉండదు. మూడు దాటిన పిల్లలకి మాత్రం ధైర్యంగా కొనొచ్చు. యూరప్ లెక్కలో పిల్లల బట్టల సైజులు ఎత్తుని బట్టి ఉంటాయి, 98, 104, 110, 116 అని ఆరేసి సెంటీమీటర్ల తేడాతో. ఆ వయసు పిల్లలు ఏడాదికి పెరిగేదీ ఇంచుమించు అంతే కాబట్టి వచ్చే ఏడాదికి ఒక సైజు పెద్దది తీసుకుంటే దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. "4-5 ఏళ్లు" అని వయసు మాత్రమే రాసి ఉన్న లేబుల్‌ని నేను అస్సలు నమ్మను, ఒక కంపెనీ నాలుగేళ్లు ఇంకో కంపెనీ ఆరేళ్లలా ఉంటుంది. మా గోడ మీద పెన్సిల్ గీతలున్నాయి, షాపుకి వెళ్లే ముందు వాటి ఫోటో ఫోన్‌లో ఉంటుంది, బాగా సరిపోతున్న ఒక చొక్కా ఛాతీ కొలత, పొడవు కూడా అందులోనే రాసి ఉంటాయి.

ఎప్పుడు కొనాలన్నది కూడా చెప్పాలి. దుకాణాల క్యాలెండర్ మన క్యాలెండర్ కంటే ముందు నడుస్తుంది. చలి ఇంకా మొదలవకుండానే స్వెటర్లు వచ్చేస్తాయి, తీరా చలి ముదిరాక వేసవి సరుకుకి చోటు కోసం వాటిని తగ్గింపులో పెడతారు, అప్పటికి మన సైజు ఉండదు, ఉన్నా ఎవరూ తీసుకోని ఏదో రంగులో ఉంటుంది. అందుకని రెయిన్‌కోటు, బూట్లు, రోజూ వేసే స్వెటర్ లాంటి ఇప్పుడే సరిగ్గా పట్టాల్సినవి సీజన్ మొదట్లో కొంటాను. మంచి జాకెట్, కాస్త ఖరీదైన ఉన్ని బట్ట లాంటివి సీజన్ చివర్లో ఒక సైజు పెద్దవి. బూట్లు మాత్రం ఎంత తగ్గింపు ఉన్నా వచ్చే ఏడాదికని కొనకండి, పాదం పెరగడం మన అంచనాకి అందదు.

పండగ బట్టల సంగతి వేరు. వాటికి సేల్ దాకా ఆగడం లేదు, లెక్క లేదు, అక్కడే మనసు జారేది. నేను చూసేది ఒక్కటే, పండగ అయిపోయాక ఇది ఎక్కడికైనా వేసుకెళ్లగలరా? "నా మొదటి పండగ" అనో, ఆ ఏడాది అంకె వేసో ఉన్నవి చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా ఒక పూట ఫోటోల తర్వాత బీరువాలోకే. అదే రంగులో బొమ్మలేమీ లేని మంచి కాటన్ గౌను అయితే పండగకీ అయింది, పుట్టినరోజు పార్టీలకీ అయింది. అయినా మొదటి ఏడాది ఒక్కటి కొనేయండి, అది కూడా కొనకపోతే తర్వాత మనసు పీకుతూ ఉంటుంది.

ఇంకో మాట, పండగ బట్టల్ని బయట చూసి కాదు, తిరగేసి లోపల చూసి కొనాలి. చమ్కీలు, జరీ, నెట్ ఉన్నవాటికి లోపల లైనింగ్ మెడ దాకా, చంకల దాకా ఉందో లేదో చూడండి, ఆ కుట్టుని మీ ముంజేతి లోపలి వైపు రుద్ది చూడండి. మా బంధువులొకరు పాపకి బంగారు రంగు గౌను తెచ్చారు, చూస్తే కళ్లు తిప్పుకోలేం, అది వేసిన కాసేపటికే పాప "గుచ్చుతోంది" అని ఏడుపు, చివరికి పండగంతా పాత బనియన్‌లో తిరిగింది, ఫోటోలన్నింటిలోనూ అదే బనియన్. దీపాలు, కొవ్వొత్తులు వెలిగించే చోట పాలిస్టర్ నెట్ గౌన్లు అసలు వద్దు. సింథటిక్ బట్ట నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, పైగా ఆ కుచ్చులు మనం చూడకుండానే దీపం దాకా వెళ్తాయి.

చలికాలం బట్టల్లో నేను చూడగానే పక్కన పెట్టేసేది హుడ్‌కి తాడు ఉన్న జాకెట్. జారుడుబల్ల దగ్గరో బస్సు తలుపులోనో ఆ తాడు చిక్కుకుని పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి, అందుకే అమెరికాలో 1996లోనే పిల్లల జాకెట్ల మెడ దగ్గర తాళ్లు వద్దని మార్గదర్శకాలు ఇచ్చారు, యూరప్ ప్రమాణాల్లో ఏడేళ్ల లోపు పిల్లల బట్టలకి మెడ, హుడ్ దగ్గర తాళ్లే ఉండకూడదు. అయినా ఎక్కడో ఒక చోట కనిపిస్తూనే ఉంటాయి. నచ్చితే కొనండి, ఇంటికి రాగానే తాడు లాగి పారేయండి. అలాగే లావు జాకెట్ వేసి కారు సీటు బెల్టు పెట్టకండి, దెబ్బ తగిలినప్పుడు ఆ దూది నలిగి బెల్టు వదులైపోతుంది. జాకెట్ విప్పి, బెల్టు పెట్టి, దాన్ని పైన కప్పండి. ఆ కుందేలు చెవుల టోపీ కూడా నిద్రపోయేటప్పుడు తీసేయాలి, పసిపిల్లలకి ఒంటి వేడి ఎక్కువగా తలనుంచే పోవాలి, టోపీ జారి ముక్కు మీద పడినా ప్రమాదమే.

కొత్త బట్ట ఏదైనా ముందు ఒంటికి వేసి సైజు చూసి, మార్చే పని లేదని తేలాక ఉతికి, అప్పుడు వాడండి. ముడతలు పడకుండా వేసే రసాయనాల్లో ఫార్మాల్డిహైడ్ ఉండొచ్చు, రంగు ఎలాగూ ఉంటుంది. కాటన్ అల్లిక బట్టలు మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోతాయి, కొనేటప్పుడు దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఇక అక్కాతమ్ముళ్లకి ఒకే రకం బట్టలు కొనడం నాకు మహా ఇష్టం. దాని ఫలితం ఏమిటంటే, చిన్నవాడికి తన చొక్కా పొట్టి అయిపోయిన కొన్నేళ్లకి అక్క చొక్కా సరిపోతుంది, అలా మావాడు అదే గళ్ల చొక్కాలో మళ్లీ కనిపిస్తాడు, ఫోటో చూసి ఏ సంవత్సరమో చెప్పలేం. మగపిల్లల బట్టల గురించి ఒక మాట, నీలం, బూడిద, డైనోసార్, కారు, అంతే. ఇంత పెద్ద ప్రపంచంలో వాళ్లకి ఈ నాలుగే ఎందుకో నాకు అర్థం కాదు.

పిల్లలకి సొంత ఇష్టాలు వచ్చాక మన సరదాకి కళ్లెం పడుతుంది, దానికి ఇప్పుడే సిద్ధపడండి. మా పాపకి ఇప్పుడు నల్ల హుడీ తప్ప ఏదీ కంటికి ఆనదు. పండగకి మాత్రం ఒప్పందం చేసుకున్నాం, రంగు తనిష్టం, బట్ట రకం నాది. అలా వెళ్తే షాపింగ్ ఇంకా బాగుంది, నేను చూడని మూలల్లోకి తనే తీసుకెళ్తోంది.

పొట్టి అయిపోయినవాటిని ఉతికి, బాగా ఆరబెట్టి, సంచి మీద వయసు కాకుండా సైజు రాసి పెట్టండి. పాలమరకలు, చెమట అలాగే ఉంచితే తర్వాత పచ్చబడతాయి. పసిపిల్లల బట్టల్లో కలరా ఉండలు వేయొద్దు, అందులోని నాఫ్తలీన్ వల్ల జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న పిల్లల్లో రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి. ఎవరికైనా ఇచ్చేవి ఉంటే చలి తగ్గాక కాదు, చలి మొదలయ్యే ముందే ఇవ్వండి, వాళ్లకి పనికొచ్చేది అప్పుడే.

ఆందోళన పడాల్సింది ఎప్పుడంటే, ట్యాగులు తీయకుండానే బట్టలు పొట్టి అయిపోతుంటే, తెచ్చిన సంచులు ఇంట్లో దాచాల్సి వస్తుంటే, లేదా అప్పు చేసి కొంటుంటే. అప్పుడు సంగతి బట్టలది కాదు, వేరే ఏదో టెన్షన్ ఉన్నట్టు, దాని గురించి ఎవరితోనైనా మాట్లాడాలి. మీరు రాసినదాన్ని బట్టి అలా ఏమీ అనిపించలేదు.

మీ పిల్లల వయసు చెప్పలేదు. ఏడాది లోపైతే ఆ సేల్ వైపు వెళ్లకండి. మూడు దాటితే మాత్రం మీకు నచ్చిందన్న ఆ ఎర్ర జాకెట్ ఒక సైజు పెద్దది తీసేసుకోండి, ఈ ఏడాదికి చేతులు మడిచి వేయొచ్చు.