టెక్ సందేహాలు: ధర్నాకు వెళ్లలేని వారి మాట మైకులో వినిపించాలంటే

సందేహం: నాకు కండరాల క్షీణత ఉంది, చక్రాల కుర్చీలోనే ఉంటాను. వచ్చే వారం మా వికలాంగుల సంఘం కలెక్టరేట్ ఎదుట ధర్నా చేస్తోంది. రెండు బస్సులు మారి వెళ్లడం నా వల్ల కాదు. నిరుడు ఫేస్‌బుక్ లైవ్‌లో చూస్తూ కూర్చున్నాను. వేళ్లు త్వరగా అలసిపోవడం వల్ల ఎక్కువసేపు టైప్ చేయలేను. ఇంటి నుంచే నిజంగా పాల్గొనే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ఉంది. లైవ్‌లో మాట ఒకవైపు నుంచే వస్తుంది కాబట్టి, అక్కడి వారికి మీరు ఉన్నట్టే తెలియదు. లైవ్‌తో పాటు వాట్సాప్ గ్రూప్ కాల్ కూడా పెట్టమని నిర్వాహకులను గట్టిగా అడగండి. అందులో ఒకేసారి 32 మంది ఉండవచ్చు. ఫోన్ స్పీకరు దగ్గర మైకు పట్టుకుంటే కీచుమని మోతే తప్ప మాట స్పష్టంగా రాదు. ఫోన్‌ను ఆక్స్ వైరుతో (ఫోన్ శబ్దాన్ని స్పీకర్లకు చేరవేసే తీగతో) నేరుగా మైకు సెట్టుకు కలిపితే, శిబిరంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ మీ గొంతు వినిపిస్తుంది. జనం గుమిగూడిన చోట సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి వీడియో ఆపి ఆడియోతోనే మాట్లాడండి. మీరు మాట్లాడేటప్పుడు ఇంట్లో లైవ్ మోగుతూ ఉంటే, కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చే మీ మాటే మీకు అడ్డుపడుతుంది, దాన్ని కట్టేయండి. నిమిషం నిడివి ఉన్న వాయిస్ మెసేజ్ ఒకటి ముందురోజే పంపి ఉంచితే, కాల్ తెగిపోయినా మీ మాట ఆగదు.

ఎక్కువసేపు టైప్ చేయలేనన్నారు కాబట్టి, వినతిపత్రం రాయడానికి జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) సెట్టింగులలో తెలుగు భాషను చేర్చుకుని, కీబోర్డు మీది మైకు గుర్తును నొక్కి చెబుతూ పోతే చాలు, అక్షరాలు పడతాయి. పేర్లు, అంకెలు మాత్రం సరిచూసుకోవాలి. సంఘం పంపిన నమూనాను యథాతథంగా పంపకుండా, మీ ఊళ్లో మీకు ఎదురైన ఇబ్బందిని రెండు వాక్యాలలోనైనా మీ మాటల్లో చేర్చండి.

ఇంటి నుంచి పంపే ఉత్తరాలకు విలువ ఉంటుందా అనే అనుమానం అక్కర్లేదు. కరోనా కాలంలో, 2020 జులై 1న, వికలాంగుల హక్కుల చట్టం–2016లోని 89, 92(ఎ), 93 సెక్షన్ల నేరాలను రాజీ చేసుకోదగ్గవిగా మార్చాలని కేంద్ర వికలాంగుల సాధికారత శాఖ ప్రతిపాదించి, అభిప్రాయాలు చెప్పడానికి పది రోజులే గడువిచ్చింది. వికలాంగుడిని బహిరంగంగా ఉద్దేశపూర్వకంగా అవమానించిన వారికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్ష విధించేది ఆ 92(ఎ) సెక్షనే. వీధిలోకి రావడం కుదరని ఆ రోజుల్లో దేశమంతటి వికలాంగులు, సంఘాలు ఈమెయిళ్లతో, ఆన్‌లైన్‌లో నిరసన తెలిపితే ఆ ప్రతిపాదనను ఆ నెలలోనే విరమించుకున్నారు. అందువల్ల ఇంటి నుంచి పాల్గొనడాన్ని తక్కువ రకం పాల్గొనడంగా నేను ఎంతమాత్రం ఒప్పుకోను.

సందేహం: నాకు చూపు లేదు. సంఘం వాళ్లు వినతిపత్రాన్ని పీడీఎఫ్‌గా పంపి సంతకం చేయమంటున్నారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెడితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతోంది. లోపం నా ఫోన్‌దేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఫోన్‌లో లోపం లేదు. ఆ పత్రాన్ని డీటీపీ సెంటరులో అను వంటి పాత ఫాంట్లతో కొట్టి ఉంటారు. కంటికి అది తెలుగులా కనిపించినా, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే కాబట్టి టాక్‌బ్యాక్ వాటినే చదువుతుంది. ఇక వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లు బొమ్మలే గనుక వాటిని అసలు చదవకపోవచ్చు. తమ సొంత వినతిపత్రమే చదవలేని స్థితిలో ఒక మనిషిని సంతకం అడగడం నాకు బాధ కలిగిస్తోంది. కావాలని చేశారని అనను గానీ, సరిదిద్దడానికి పది నిమిషాలు చాలు.

పంపేవారికి నా విజ్ఞప్తి ఇది: పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగు తెలుగులాగే పడితే సరే, పిచ్చి గీతలు వస్తే యూనికోడ్‌లోకి (అన్ని ఫోన్లూ తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి) మార్చి, వత్తులు సరిచూసి, మామూలు మెసేజ్‌గా కూడా పంపండి. పోస్టర్‌ను ఎక్స్‌లో (పాత ట్విటర్‌లో) పెట్టేటప్పుడు ఆల్ట్ అనే చోట అందులోని విషయం రాయండి. వెయ్యి అక్షరాల వరకు పడుతుంది.

ఈలోగా మీరు ఆ ఫైలును గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటరులో గూగుల్ డాక్స్‌తో తెరిపించండి. అది అచ్చును గుర్తుపట్టి తెలుగు పాఠంగా మార్చే అవకాశం ఉంది. తప్పులు దొర్లవచ్చు కాబట్టి, డిమాండ్ల భాగాన్ని నమ్మకమైన వారితో ఒకసారి చదివించుకున్నాకే సంతకం చేయండి. వైకల్య ధ్రువపత్రం ఫొటో అడిగితే గ్రూపులో పెట్టవద్దు. అవసరమైతే దాన్ని నేరుగా అధికారికే పంపండి.