బీఎమ్‌డబ్ల్యూ 1 సిరీస్ హ్యాచ్‌బ్యాక్‌ను అమెరికాలో కూడా అమ్మొచ్చు కదా?

నన్నడిగితే మామూలు 1 సిరీస్ తేకపోవడమే మంచిది. 1995లో 318టీఐ అని ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను అక్కడ అమ్మి చూశారు, ధర తగ్గించాలని వెనక సస్పెన్షన్, డాష్‌బోర్డు పాత తరం 3 సిరీస్ నుంచి తెచ్చి పెట్టారు, బీఎమ్‌డబ్ల్యూ బ్యాడ్జి చూసి వచ్చినవాళ్లకు ఆ పిసినారితనం కనపడకుండా ఉంటుందా? 1999తో అది ఆగిపోయింది. పైగా ఇప్పటి 1 సిరీస్‌కు దగ్గరి చుట్టమే ఎక్స్1 అనే బీఎమ్‌డబ్ల్యూ చిన్న ఎస్‌యూవీ. కాస్త ఎత్తుగా ఉందని జనం దాన్ని ఎక్కువ డబ్బు పెట్టి మరీ కొంటుంటే, కంపెనీకి హ్యాచ్‌బ్యాక్ మీద ప్రేమ ఎందుకు పుడుతుంది చెప్పండి. అమెరికా భద్రతా, ఎమిషన్ రూల్స్‌కు తగ్గట్టు మార్చే ఖర్చు వేరే. తెస్తే గిస్తే 1 సిరీస్‌లో జోరుగా పోయే ఎం135 ఒక్కటే తేవాలి, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల జోరైన హ్యాచ్‌బ్యాక్ గోల్ఫ్ ఆర్ కొందామనుకునేవాళ్లయినా షోరూమ్‌లోకి తొంగి చూస్తారు.