మీ తమ్ముడి బస్సుల నోటుబుక్కు, నా కృష్ణా నీళ్ళ నోటుబుక్కు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 24 ఏళ్ళనీ, ఈమధ్యే ఆటిజం అని తేల్చారనీ, ఇంట్లో ఉన్నంతసేపూ సిటీ బస్సుల నంబర్లూ రూట్లూ నోటుబుక్కులో రాసుకుంటూ ఉంటాడనీ రాశారు. "అది మాన్పించాలా? పెద్దయ్యాక ఇలాంటివాళ్ళ రోజులు ఎలా గడుస్తాయి?" అని అడిగారు.

నాకిప్పుడు 38. నాకు ఆటిజం ఉందని తెలిసింది 31వ ఏట. విజయవాడ కృష్ణలంకలో ఉంటాం. పెళ్ళయింది, ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. నా దగ్గర కూడా నోటుబుక్కులున్నాయి, ఏడాదికొకటి చొప్పున 28. అందుకే మొదటి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తున్నాను. మాన్పించకండి.

ఇది నా ఒక్కదాని అనుభవం అని కూడా చెప్పాలి. ఆటిజం అనే ఇదే పేరు కింద మాట రానివాళ్ళున్నారు, రోజంతా పక్కన ఒక మనిషి ఉండాల్సినవాళ్ళున్నారు. వాళ్ళూ, వాళ్ళ అమ్మానాన్నలూ పడే కష్టం నేను పడలేదు. నా మాటలు వాళ్ళందరికీ వర్తిస్తాయని అనుకోకండి.

మాది దివిసీమ వైపు పల్లెటూరు, నాన్నది వ్యవసాయం. డెల్టాలో జూన్ వచ్చిందంటే ఊరంతటికీ ఒకటే ధ్యాస, కాలవకి నీళ్ళు ఎప్పుడు వదులుతారు అని. పేపర్లో జలాశయాల నీటిమట్టాలు వేసేవారు. 1998లో, నాకు 11 ఏళ్ళప్పుడు, వాటిని ఒక రూళ్ళ నోటుబుక్కులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఎడమ పక్క తేదీ, తర్వాత కృష్ణ మీద పైనుంచి కిందికి వరసగా జూరాల, శ్రీశైలం, సాగర్, చివర విజయవాడ ప్రకాశం బ్యారేజీ. సాగర్‌కీ బ్యారేజీకీ మధ్య ఉన్న పులిచింతలకి గడి గీసింది 2013 తర్వాతే. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. సాగర్ నిండితే 312 టీఎంసీలు. మా బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీల పైచిలుకు, అంతే. అందుకే పైనుంచి వచ్చిన వరదని అది నిలబెట్టుకోలేదు, 70 గేట్లూ ఎత్తి కిందికి పంపాల్సిందే.

క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు అనీ, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులనీ ఎనిమిదో తరగతిలో తెలిసింది. ఆ రోజు వంద కోట్లని 86,400 సెకన్లతో భాగించుకుని చూశాను. 11,574 వచ్చింది. అన్ని క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఇన్‌ఫ్లో, అంటే పైనుంచి వచ్చి చేరే నీళ్ళు, తెలిస్తే రేపు పొద్దున ఎంత మట్టం ఉంటుందో ఈ రాత్రే లెక్క కట్టొచ్చు! శ్రీశైలంలో గేట్లెత్తితే సాగర్‌కి ఇన్‌ఫ్లో పెరుగుతుంది, ఆ తర్వాత పులిచింతల, ఆ తర్వాత మా ఊరు. ఆ వరస ఎప్పుడూ మారదు. ఏది ముందో ఏది తర్వాతో తెలిస్తే నాకు ఊపిరి ఆడుతుంది. తెలియకపోతే ఆడదు. నా రోజులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనుషుల మధ్య ఆ వరస నాకు దొరకదు. ఆరేడేళ్ళప్పుడు మా మేనత్త మా ఇంటినుంచి బయల్దేరుతూ "వెళ్ళొస్తానే అమ్మాయ్" అంది. వస్తానంది కదా అని సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. చీకటి పడ్డాక అమ్మ లోపలికి రమ్మంటే రానన్నాను, అత్త వస్తానందని ఒకటే ఏడుపు. మొండిఘటం అని వీపు మీద ఒక దెబ్బ కూడా పడింది. "వెళ్తాను" అనడం అశుభమని అలా అంటారని నాకెవరూ చెప్పలేదు. మిగతా పిల్లలకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. తేడా అదే.

పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి చెల్లెలు వచ్చారు. "కాఫీ ఇమ్మంటారా పిన్నిగారూ" అన్నాను. "ఎందుకమ్మా ఇప్పుడు" అన్నారు. వద్దన్నారు కదా అని ఇవ్వలేదు. కాఫీ నీళ్ళయినా పోయలేదని ఆవిడ బాధపడ్డట్టు వారం తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ నేను అడగడం మానేసి, ఎవరొచ్చినా కలిపి తెచ్చిచ్చేస్తున్నాను. 2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటన్ పరిశోధకుడు (ఆయనా ఆటిస్టిక్కే) ఒక వాదన ముందుకు తెచ్చారు. అవతలివాళ్ళని అర్థం చేసుకోలేకపోవడం మావైపు మాత్రమే ఉండదు, రెండు వైపులా ఉంటుంది అని. అది చదివాక నా మనసు చాలా కుదుటపడింది. ఆవిడ మొహమాటం నాకు అర్థం కాలేదు, నిజమే. నేను నిజంగా తెలుసుకుందామనే అడిగానని ఆవిడకీ అర్థం కాలేదు.

శబ్దాల సంగతి. కుక్కర్‌తో నాకు పేచీ లేదు, విజిల్ వచ్చేముందు సన్నగా ఆవిరి చప్పుడు వస్తుంది, సిద్ధపడతాను. మిక్సీ అలా కాదు. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ఒక్కసారిగా మొదలైతే తలలో మేకు దిగినట్టుంటుంది, చేతిలో ఉన్నది జారిపోతుంది. అందుకని మా ఆయన వంటింట్లోంచి "మిక్సీ వేస్తున్నా" అని కేకేసి, మూడు లెక్కపెట్టి, అప్పుడు స్విచ్ వేస్తారు. శబ్దం తగ్గదు, అంతే ఉంటుంది. కానీ ముందే తెలిసింది కాబట్టి భరించగలను. మా అత్తగారికి మొదట్లో ఇది వింతగా ఉండేది. ఇప్పుడు తెనాలిలో వాళ్ళింట్లో, నేను లేనప్పుడు కూడా, పచ్చడి వేసేముందు ఆవిడ "మిక్సీ వేస్తున్నా" అంటున్నారట. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

నా పెళ్ళి మాత్రం ఇంకోలా జరిగింది, అప్పటికి నాకే తెలియదు కాబట్టి. జరీ అంచు గుచ్చుకునే పట్టుచీర, మెడ నిండా పూలవాసన, మొహం మీద వీడియో లైటు. గట్టిమేళం మోగేసరికి నా మాట పోయింది. నిజంగానే పోయింది. ఆ సాయంత్రం అంతా ఎవరేం అడిగినా గొంతులోంచి మాట రాలేదు. పెళ్ళికూతురికి ఇష్టం లేదేమో అని గుసగుసలు పోయారు. ఇష్టపడి చేసుకున్న పెళ్ళి అది. ఇప్పుడైతే అది షట్‌డౌన్ అని, అంటే చుట్టూ ఉన్నవి తట్టుకోలేనంతగా మీదపడితే మనిషి ఇలా మూసుకుపోవడం అని చెప్పగలను. ఆ తర్వాత మా ఆడపడుచు పెళ్ళిలో మా ఆయన సన్నాయి డోలు వాళ్ళ పక్కన నిలబడి, గట్టిమేళానికి ముందు నావైపు చెయ్యెత్తి చూపించారు. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని అక్షింతలు వేసి, భోజనం చేసి, మామూలుగా ఇంటికొచ్చాను. మర్నాడు సెలవు పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. ఫంక్షన్ తర్వాత నాకు ఒక రోజు కావాలి. అది బద్ధకం కాదని ఇంట్లో ఇప్పుడందరికీ తెలుసు.

తిండి గురించి ఎక్కువ లేదు. రోజూ ఒకటే తింటాను, బాక్సులో పప్పన్నం, పెరుగన్నం. బెండకాయ పులుసు రుచి బాగానే ఉంటుంది, ఆ జిగురు నాలుకకి తగిలితే తట్టుకోలేను.

ఉద్యోగం. అంతకుముందు పనిచేసిన చోట మొహంలోకి చూసి మాట్లాడటం లేదని "పొగరు" అన్నారు. తల మీద ట్యూబ్‌లైటు గుయ్‌మంటుంటే సీటు మార్చమని మూడుసార్లు అడిగాను, మార్చలేదు, మానేశాను. ఇప్పుడున్న చోట నా పని జీఎస్టీ రికన్సిలియేషన్, అంటే పన్ను లెక్కలు రెండు వైపులా సరిపోయాయా అని చూడటం. ప్రతి నెలా 14న 2బీ వస్తుంది, అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల జాబితా అది. దాన్ని క్లయింట్ల కొనుగోలు రిజిస్టర్‌తో ఇన్‌వాయిస్ ఇన్‌వాయిస్‌గా పోల్చి, 20వ తేదీ లోపు 3బీ అనే నెలవారీ రిటర్న్ వెయ్యాలి. ఎక్కడో ఒక బిల్లులో 18 రూపాయల తేడా ఉంటుంది. అది దొరికేదాకా లేవబుద్ధి కాదు, దొరికాక ఆ రోజంతా హాయిగా ఉంటుంది. మా సార్ నాకు పని నోటితో చెప్పరు, వాట్సాప్‌లో రాసి పెడతారు. క్లయింట్లకి ఫోన్లు పక్క సీటు అమ్మాయి చేస్తుంది, బదులుగా ఆమె లెక్కలు నేను సరిచూస్తాను. ఈ రెండు సర్దుబాట్లతో ఆరేళ్ళుగా ఒక్క రిటర్న్ కూడా ఆలస్యం కాలేదు.

నాకు ఎలా తెలిసిందని చాలామంది అడుగుతారు. మా అన్నయ్య కొడుకుని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తే తోడుగా వెళ్ళాను. ఆవిడ ఒక్కో ప్రశ్న అడుగుతుంటే మా వదిన వాడి గురించి చెప్తోంది, నేను మనసులో నా గురించి చెప్పుకుంటున్నాను. అన్నిటికీ అవుననే వస్తోంది. నెల తర్వాత ఒక్కదాన్నే వెళ్ళాను. చిన్నప్పటి సంగతుల కోసం అమ్మని కూడా పిలిచారు. అరుగు మీద కూర్చున్న సాయంత్రం గురించి చెప్తూ, ఆ రోజు కొట్టానండీ అని అమ్మ ఏడ్చింది.

కాగితాల విషయం క్లుప్తంగా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన అని సర్టిఫికెట్ వస్తే యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు) మీద ప్రయోజనాలు ఉంటాయి. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది కదా, అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం లాంటివాటికి కలిపి ఇచ్చారు. నాకు అవసరం పడలేదు కానీ, మీ తమ్ముడు పోటీ పరీక్షలు రాసే ఆలోచనలో ఉంటే తప్పకుండా ప్రయత్నించండి. ఆటిజాన్ని పోగొట్టే మందంటూ లేదు. పూర్తిగా తగ్గిస్తామని డబ్బు గుంజేవాళ్ళు తగులుతారు, వాళ్ళ జోలికి పోకండి.

మళ్ళీ నోటుబుక్కు దగ్గరికి వస్తాను. 2024 ఆగస్టు 10 రాత్రి, కృష్ణలో కలిసే తుంగభద్ర మీదున్న డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వారమంతా నేను వేరే ఏమీ ఆలోచించలేకపోయాను. నీళ్ళు పారుతుండగానే స్టాప్‌లాగ్ ఎలిమెంట్లు, అంటే గేటు బదులు అడ్డం పెట్టే ఇనుప పలకలు, ఒకదాని మీద ఒకటి దించి ఆపారు. ఆ పని దగ్గరుండి నడిపించిన కన్నయ్యనాయుడు గారి పేరు ఎర్రసిరాతో రాసుకున్నాను. ఇంకో మూడు వారాలకే మా ఊరి వంతు వచ్చింది. సింగ్‌నగర్ వైపు బుడమేరు వాగు ముంచేసింది, ఇటు కృష్ణ పొంగుతోంది. మా వీధికీ నదికీ మధ్య రిటైనింగ్ వాల్ ఒక్కటే అడ్డం. కరెంటు లేదు, ఆఫీసు లేదు, వీధినిండా అరుపులు. నా రోజు మొత్తం చెదిరిపోయింది. మెట్ల మీద కూర్చుని, ఫోన్లో చార్జింగ్ ఉన్నంతవరకూ గంట గంటకీ అంకెలు ఎక్కిస్తూ పోయాను. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులు, రెండోది 5.69 లక్షలు, రెండూ ఎప్పుడో దాటేశాయి. చివరికి 11.43 లక్షల దాకా వెళ్ళింది. 2009 అక్టోబర్ వరద కన్నా ఎక్కువ.

పక్కింటి పిన్నిగారు వచ్చి "ఇంకా పెరుగుతాయా అమ్మా?" అన్నారు. పులిచింతల నుంచి వచ్చేది తగ్గుముఖం పట్టింది, కాసేపటికి ఇక్కడా తగ్గుతుంది అని గడులు చూపించాను. ఆవిడ వెళ్ళి ఇంకో నలుగురిని తీసుకొచ్చారు. ఏడేళ్ళుగా ఆ వీధిలో ఉంటున్నాను, నాతో అంతమంది మాట్లాడింది ఆ రాత్రే. అయితే నోటుబుక్కు పదిమందికి పనికొచ్చిందని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఎవరికీ పనికిరాని సంవత్సరాల్లోనూ అది నాకు కావాలి. కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని మా బ్యారేజీ 69వ గేటు కౌంటర్ వెయిట్ (గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మ) విరిగిపోతే నాకు నిద్ర పట్టలేదు. కన్నయ్యనాయుడు గారే ఇక్కడికీ వచ్చారని తెలిశాక పడుకున్నాను.

మీ తమ్ముడి పక్కన కూర్చోండి. "రేపు నేను ఫలానా చోటికి వెళ్ళాలి, ఏ బస్సెక్కాలి, ఎక్కడ మారాలి?" అని అడగండి. మీకు ముందే తెలిసినా సరే అడగండి. వాడు చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట మార్చకండి, ఫోన్ చూడకండి. మా నాన్న రోజూ పొద్దున్నే అరుగు మీద కాఫీ తాగుతూ "ఏమే, సాగర్ ఎంతుంది?" అని నన్ను పిలిచి అడిగేవాడు. పేపరు అప్పటికే ఆయన చేతిలో ఉండేది.